బాత్రూముల వరండాలో తెల్లది

ఆ బడి హాస్టల్లో బాత్రూములకి వెళ్ళే వరండా మంచిది కాదని పేరు. పగలు చూస్తే ఏమీ ఉండదు — ఒక పక్క గోడ, ఒక పక్క ఇనప కిటికీలు, చివర ఫినాయిలు వాసన. రాత్రయితే మాత్రం అక్కడ ‘తెల్లది’ నిలబడుతుందట. తలుపంత ఎత్తట. రెండు చేతులూ పైకి చాపి ఉంటుందట. కాళ్ళు నేలకి ఆనవట. దానికన్నా ముందు దాని కంపు వస్తుందట... ఆ కంపు ముక్కుకి తగిలిందా, వెనక్కి తిరిగి పరుగెత్తాలి. లేకపోతే అంతే సంగతులు.

చెప్పుకునేది పిల్లలు. పెద్దవాళ్ళు నవ్వేసి ఊరుకునేవాళ్ళు. ఎందుకు ఊరుకోరు? దీపాలార్పాక ఒక్క పిల్ల మంచం దిగేది కాదు. ప్రిన్సిపాలుగారు వచ్చినవాళ్ళందరికీ "మా హాస్టల్లో రాత్రి చీమ కూడా చిటుక్కుమనదండీ" అని చెప్పి మురిసిపోయేవాడు. కన్నవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? "కళ్ళు రెండూ వదిలేసి తోలు వలిచెయ్యండి సార్" అని పిల్లని అప్పగించి, చేతులు దులుపుకుని వెళ్ళేవాళ్ళు. క్రమశిక్షణట! తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతుంది.

ఆ బడికి కొత్తగా ఒక లెక్కల టీచరు వచ్చింది. వెంట మూడో తరగతి చదివే కూతురు. తల్లి క్వార్టర్సులో, పిల్ల హాస్టల్లో ఉండాలి — స్టాఫు పిల్లలకైనా అక్కడ అదే రూలు. ఫీజు అడగడం లేదు కదా అని టీచరు సరేనంది.

కొన్నాళ్ళకి పాప పెదాలు పగిలిపోయాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక చుక్క నీళ్ళు ముట్టదు. ఊరికే జ్వరం. డాక్టరు "ఇలాగే వదిలేస్తే కిడ్నీలు పాడవుతాయమ్మా" అని గట్టిగానే చెప్పాడు.

"ఎందుకు తాగవే నా తల్లీ?"

"తాగితే... రాత్రి లేవాలి."

"లేస్తే ఏమవుతుంది?"

పాప తల వంచుకుంది. "తెల్లది," అంది గుసగుసగా. ఆపైన ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

దీనికి ఒక్కటే మందు అనుకుంది తల్లి. తనే వెళ్ళి చూడాలి. చూసొచ్చి "అక్కడేమీ లేదే పిచ్చిదానా" అని పిల్లకి ధైర్యం చెప్పాలి. ఆ రాత్రే టార్చి పట్టుకుని బయల్దేరింది.

హాస్టల్ తలుపు చేరవేసి ఉంది. పిల్లలు పడుకునే పెద్ద హాలు చీకటి. దుప్పట్లన్నీ తలల మీదుగా కప్పి ఉన్నాయి. నిద్రపోతున్నవాళ్ళెవరో, ఊపిరి బిగబట్టుకున్నవాళ్ళెవరో తెలియదు. ఆమె చప్పుడు చెయ్యకుండా వరండా మలుపు దాకా వచ్చింది.

కంపు.

ఫినాయిలు కాదు... వేరే కంపు. పుల్లగా, వెచ్చగా, కళ్ళలో నీళ్ళు తెప్పించే కంపు. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. దెయ్యాలూ భూతాలూ నమ్మే మనిషి కాదు. అయినా కాళ్ళు ముందుకి పడలేదు.

వరండా చివర — తెల్లగా ఉంది. తలుపంత ఎత్తు. రెండు చేతులూ చాపి... కాళ్ళు నేలకి ఆనకుండా.

అది వణుకుతోంది.

ఆమె టార్చి నొక్కబోతే వేలు జారింది. అప్పుడు ఆ తెల్లదానిలోంచి సన్నగా ఒక గొంతు —

"వార్డెనమ్మా... ఇంకా ఆరలేదు..."

టార్చి వెలిగింది. తడిసిన పక్కదుప్పటి. దాని కింద ఒక ఎత్తు స్టూలు. స్టూలు మీద, నెత్తిన కప్పిన దుప్పటిని చేతులతో పైకెత్తి పట్టుకుని, ఒక పిల్ల.

టీచరు ఆ దుప్పటి లాగి అవతల పారేసింది. ముందు పళ్ళూడిన రెండో తరగతి పిల్ల. చేతులకంటిన తడి చూసుకుంటే డోకొచ్చింది. పిల్ల ఉచ్చంటే కాదు ఆమెకి అసహ్యం — ఆ దుప్పటిని పిల్ల నెత్తిన కప్పిన చేతులంటే.

"ఏంటండీ టీచర్‌గారూ, ఈ వేళప్పుడు?" తన గది గుమ్మంలోంచే అడిగింది వార్డెను, ఆవలిస్తూ. "పక్క తడిపింది. ఆరేదాకా పట్టుకోవాలి. నేను కొట్టలేదు, తిట్టలేదు. ఒంటి మీద ఒక్క గీత ఉందేమో చూసుకోండి."

"మీరు మనిషేనా?"

"మీకేం, క్లాసు చెప్పి వెళ్ళిపోతారు. మొదట్లో ఒకళ్ళో ఇద్దరో తడిపేవాళ్ళు. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు. ఎన్నిసార్లు నిలబెట్టినా బుద్ధి రాదు. ఏం పెంపకాలో ఏమో!"

టీచరు పిల్లని ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి కడిగింది, కొంగుతో ఒళ్ళు తుడిచింది.

"బాత్రూముకి లేవొచ్చు కదమ్మా?"

"లేద్దామనుకున్నా టీచర్. బయట తెల్లది ఉంటుందని... లేవలేదు."

టీచరు చేతులు ఆగిపోయాయి. భయంతో పక్క తడిపితే దెయ్యంగా నిలబెడతారు. ఆ దెయ్యాన్ని చూసి ఇంకో పిల్ల భయంతో పక్క తడుపుతుంది. థూ, అని కాలువలో ఉమ్మేసింది.

"తెల్లారాక అందరికీ చెప్పెయ్యి తల్లీ. దెయ్యం లేదు, ఏమీ లేదు అని. ముందు మా పాపకి చెప్పు. పాపం, హడలిపోతోంది."

పిల్ల ఆమె మొహంలోకి వింతగా చూసింది.

"మీ పాపకి తెలుసు కదా టీచర్."

"...తెలుసా?"

"నేను ఏడుస్తుంటే వార్డెనమ్మే చెప్పింది. ‘టీచరు కూతురు ఎన్ని రాత్రులు నిలబడిందో తెలుసా? ఎవరికైనా చెబితే వాళ్ళమ్మ ఉద్యోగం పోతుందన్నాను, కిక్కురుమనలేదు. ఇప్పుడు నీళ్ళే ముట్టదు, పక్కే తడపదు. ఆ పిల్లని చూసి నేర్చుకో’ అంది."