ఆరు నుంచి తొమ్మిది వరకు

చిత్తూరులో ఆ సాయంత్రం వాన వెలిసినా, మిద్దె మీది నీళ్లు గొట్టంలోంచి ఇంకా కారుతూనే ఉన్నాయి. ప్రార్థన కూటానికి బయలుదేరిన కోమలి గడపలో ఆగింది.

"ఏమయ్యా, పై గదికి పోబాక. తలుపు మళ్లీ ఉబ్బి ఉండాది."

"రౌటర్ ఆడే కదా ఉండేది. ఒక్క నిమిషం పని. అది తీసేస్తే గానీ నాకు నిద్ర పట్టదు."

"ఇప్పుడు తీసి ఏం లాభం?" అని, భర్త దయానంద్ ముఖం చూడకుండా వెళ్లిపోయింది.

తీయవలసినది రౌటర్‌లోని ఒక నియమం. కూతురు జెస్సీ ఇంటర్ పరీక్షల కోసం దయానంద్ స్వయంగా పెట్టాడు. ప్రతి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఆమె ఫోన్‌కు నెట్ వేగం నామమాత్రం.

"రౌటర్‌కు వాచ్‌మన్‌గా ఎప్పుడు చేరినావు నాయనా?" అని జెస్సీ ఎగతాళి చేసేది.

"తొమ్మిది వరకే కదా బుజ్జమ్మా, ఓర్చుకో," అనేవాడు.

నలభై రోజుల క్రితం, ఇలాంటి వానలోనే, జెస్సీ లోపల ఉండగా ఆ పై గది తలుపు బిగుసుకుపోయింది. ఇంట్లో ఎవరూ లేరు. ఉబ్బసంతో ఊపిరందని పిల్ల, అరవలేక, నాలుగు మాటలు రికార్డు చేసి తండ్రికి పంపింది. గదిలో ఫోన్ సిగ్నల్ అందదు, వైఫైయే దిక్కు. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉన్న దయానంద్‌కు ఆ గొంతు సరిగ్గా తొమ్మిదికి చేరింది. జెస్సీ ఫోన్‌ను కోమలి బైబిల్ పక్కన ఉంచి, శవపేటికలోనే పంపించింది.

దయానంద్ పై గదిలోకి వెళ్లాడు. తడిసిన కొయ్య వాసన. దాని కింద, పల్చగా, జెస్సీ పీల్చే మందు వాసన. రౌటర్ అడుగున అంటించిన పాస్‌వర్డ్ చూసి, తన ఫోన్‌లో రౌటర్ నియమాల పట్టిక తెరిచాడు. నియమాన్ని చెరిపేశాడు. గుండె మీది బరువు కాస్త దిగినట్లనిపించింది.

అప్పుడు చూశాడు. ప్రస్తుతం వైఫై వాడుతున్న ఫోన్లు రెండు. ఒకటి తనది. రెండవది... జెస్సీది.

అతని వెనుక గది తలుపు మూసుకుంది. గాలి లేదు.

పిడి పట్టి లాగాడు. భుజంతో నెట్టాడు. కదలలేదు. వైఫై మీదే కోమలికి ఫోన్ కలిపాడు. తెర మీద చిన్న వలయం తిరుగుతూ ఉండిపోయింది. "కోమలీ, తలుపు తెరుచుకోలేదు... త్వరగా రా..." అని రికార్డు చేసి పంపాడు. అదీ వెళ్లలేదు. గోడ గడియారంలో ఆరు దాటి రెండు నిమిషాలు.

రౌటర్ తీగను ఊడబెరికాడు.

పచ్చ దీపం ఆరలేదు.

గాలి చిక్కబడింది. రొమ్ములో ఏదో బిగిసింది... ఉబ్బసం అతనికి ఏనాడూ లేదు. మందు వాసన ఇప్పుడు ముఖానికి ఆనుకుని ఉంది. తలుపు అవతల, కొయ్యకు పెదవులు తాకేంత దగ్గరగా, ఎవరో ఎగశ్వాసతో గుసగుసలాడారు.

"తొమ్మిది వరకే కదా నాయనా... ఓర్చుకో."

"బుజ్జమ్మా..." అన్నాడు.

మూడు గంటలు. ఎలాగైనా తొమ్మిది దాకా ఊపిరి నిలుపుకోవాలి. మళ్లీ పట్టిక తెరిచాడు. తాను చెరిపిన చోట కొత్త నియమం చేరి ఉంది. పేరు: నాయన. మొదలు: సాయంత్రం ఆరు.

ముగింపు అని ఉన్న గడి ఖాళీగా ఉంది.