కాళ్లున్న స్వర్గపక్షి

బెనెట్టో శవం పక్కన గిన్నెల్లో రంగులు ఇంకా ఆరలేదు. కత్తి వీపులో దిగి ఉంది. వెనిస్ రహస్య విభాగం ఏజెంట్ అల్విసె పళ్లు పటపటా కొరికాడు. పక్షుల బొమ్మలు గీసుకోవడం తప్ప ఈ చిన్ననాటి స్నేహితుడికి ఇంకో లోకం తెలియదు.

"ఏడుపు తర్వాత," అన్నాడు పై అధికారి. "మన రేవు ముఖద్వారం మ్యాప్ పోయింది. సుల్తాను గూఢచారుల పని. ఇస్తాంబుల్ ఓడ మధ్యాహ్నం గంట కొట్టేలోగా కదులుతుంది. మ్యాప్ అందులో వెళ్లిందా, శత్రువుల ఫిరంగులు మన గుమ్మంలో ఉంటాయి. అమ్మింది నీ స్నేహితుడేనంటున్నారు. ద్రోహికి శ్మశానంలో చోటివ్వం."

"ఆ మాట ఇంకోసారి అనకండి, అయ్యగారూ!"

"అయితే నిరూపించు. ఓడలో మన మనిషి ఉంది. 'హంస పాడిందా?' అని అడుగు. 'ఇంకా చావలేదు' అంటుంది."

అల్విసె గడ్డం అంటించుకుని, ఈకల వ్యాపారి వేషంలో ఓడెక్కాడు. అప్పటికే మోకులు విప్పుతున్నారు.

"హంస పాడిందా?"

"ఇంకా చావలేదు," అంది ఫియామెట్టా, మెడలో ముత్యాలు సర్దుకుంటూ. బెనెట్టో బొమ్మలకు రంగులద్దేదీ, అల్విసెకు కబుర్లు మోసేదీ ఈమే. "ఆ గడ్డమేంటయ్యా? నీకంటే మేక నయం."

ఆమె ఒళ్లో బెనెట్టో పక్షుల పుస్తకం ఉంది. సుల్తాను కొలువుకు కానుకట. సుంకం వాళ్లు అట్ట చించి మరీ వెతికినా ఏమీ దొరకలేదు. అల్విసె దాన్ని లాక్కుని పేజీలు తిప్పాడు. కొంగ, గద్ద, వడ్రంగిపిట్ట, అన్నీ బెనెట్టో చేతివే. చివర బంగారు తోక స్వర్గపక్షి. దాని కింద పొలుసుల కాళ్లు రెండు!

అల్విసెకు ఒళ్లు మండింది. స్వర్గపక్షికి కాళ్లేమిటి? తూర్పు దీవుల నుంచి వచ్చే ఎండు తోళ్లలో ఒక్కదానికీ కాళ్లుండవు. అది పుట్టిన దగ్గర్నుంచి గాలిలోనే బతుకుతుందని వెనిస్‌లో చేపలమ్మేవాళ్లకు కూడా తెలుసు. బెనెట్టో చచ్చినా దానికి కాళ్లు గీయడు.

ఉంగరంలోని భూతద్దం తెరిచి చూశాడు. పొలుసుల్లో నీటి లోతుల అంకెలు, గోళ్ల చివర ఫిరంగుల గుర్తులు కనిపించాయి.

"మిగతా పిట్టల కాళ్లన్నీ వాడే గీసేశాడు. ఖాళీ దీని కిందే దొరికింది నీకు. అంతేనా?"

ఫియామెట్టా కత్తి దూసింది. ఓడ కదిలింది. అల్విసె ఆమె మణికట్టు విరిచి, పుస్తకం చంకనా, ఆమెను భుజానా వేసుకుని రేవు మెట్ల మీదికి దూకాడు. అప్పుడే మధ్యాహ్నం గంట మోగింది.

"'నా పిట్టకి కాళ్లు పెట్టిందెవరు?' అని వాడూ ఇలాగే ఎగిరాడు. అందుకే పొడిచాను," అంది ఆమె రొప్పుతూ. "వెర్రి వెధవల్లారా! ఆ దీవుల నావికుడే చెప్పాడు నాకు. అక్కడివాళ్లు కాళ్లు నరికేసి తోళ్లు ఆరబెడతారట. దానికి నిజంగానే కాళ్లుంటాయి!"

అల్విసె ఆమె చేతులు మోకుతో కసిగా కట్టాడు. బెనెట్టోను ఇక శ్మశానంలోనే పడుకోబెట్టవచ్చు. అయినా కోపం చల్లారలేదు.

"బతుకంతా అబద్ధాలాడి హాయిగా తిరిగావు," అన్నాడు ఆమెతో. "ఒక్క నిజం గీసి చచ్చావు."