నాలుగో దీపం

బొల్లారంలో రైల్వే గేటు దాటి ఎడమకు తిరిగితే, సందు చివర ఒక పెంకుటిల్లు ఉండేది. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. ఆటోవాళ్ళు సందు మొదట్లోనే ఆపేసి, "ఇక్కడే దిగండమ్మా" అనేవారు. పాలవాడు సైతం బాగా తెల్లవారాకే అటు పోయేవాడు.

ఆ ఇంట్లో ఏడుపులు వినపడవు. గజ్జెల చప్పుడు లేదు. తెల్లచీర ఊసే లేదు. వినపడేదల్లా ఒక్కటే— టక్… టక్… టక్.

సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న భద్రయ్య ఆ చప్పుడు తన చెవులతో విన్నాడు.

"ఎవలో కూసొని ఆర్గన్ మెట్లు నొక్కుతున్నట్టే ఉంటది. పాట రాదు. ఉత్త మెట్లే. గా పిల్లనే… ఇంకెవలు?" అనేవాడు. అని, బొగ్గుల మీద నీళ్ళు చల్లి, బండి తోసుకుంటూ గబగబా వెళ్ళిపోయేవాడు.

ఆ పిల్ల పేరు క్యారల్. మేబెల్ టీచర్ ఒక్కగానొక్క కూతురు. పందొమ్మిదో ఏట డెంగీ జ్వరం వచ్చి నాలుగే నాలుగు రోజుల్లో పోయింది. ఆ ఇంట్లో కాలితో తొక్కి వాయించే పాత ఆర్గన్ ఒకటి ఉండేది. తల్లీకూతుళ్ళు రోజూ సాయంత్రం ఒకే బల్ల మీద కూర్చుని వాయించేవారు. తల్లి పాట అందుకుంటే, ఎడమవైపు కూర్చున్న పిల్ల చిట్టచివరి మెట్టు మీద ఒక్క వేలు వేసేది. ఒక్కటే వేలు. తన వాటా అది అన్నట్టు.

పిల్ల పోయాక టీచర్ ఇంటికి తాళం వేసి, రాంగోపాల్‌పేట్‌లో చెల్లెలి దగ్గర చేరింది. దిగులుకో, వయసుకో, చెవులు మందగించాయి. రెండేళ్ళు గడిచాయి. ఎలుకలు ఆర్గన్ తిత్తి కొరికేశాయి. ఇక దాన్లో గాలి లేదు, పాట లేదు. మరి మెట్లు నొక్కేదెవరు?

ఊరంతా భయపడిన ఆ మాట టీచర్ చెవిన పడితే, ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది.

తిన్నగా ఆర్థర్ దగ్గరికి వెళ్ళింది.

ఆర్థర్ ఆ చెల్లెలి వీధిలోనే మేడమీద గదిలో ఉండేవాడు. చిన్నప్పుడు టీచర్ దగ్గరే సంగీతం నేర్చుకున్నాడు. చర్చిల కీబోర్డులు బాగుచేయడం పొట్టకోసం. ప్రాణం మాత్రం ఇంకో పనిలో ఉండేది. పాడైన కీబోర్డు మెట్లు, టీవీ రిమోట్ల బొత్తాలు, పాత టెలిఫోను డయళ్ళు ఏరుకొచ్చి, వాటితో సొంతంగా కంట్రోలర్లు కట్టేవాడు. కంట్రోలర్ ఎంత చిత్రమైన వస్తువో! చూడ్డానికి వాయిద్యమే, గొంతులో పాట ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో కంప్యూటర్‌కు చేరవేస్తుంది, అంతే. పాట పాడించేదీ, దీపం వెలిగించేదీ కంప్యూటరే. మూగదే గానీ, చాడీలు మాత్రం బాగా చెబుతుంది.

"మా ఆర్గన్‌ను నీ డబ్బాలాగా మార్చు నాన్నా," అంది టీచర్. "నాకు వినపడదు కదా. మెట్టు నొక్కితే దీపం వెలిగేట్టు చెయ్యి. నా బిడ్డ వస్తే కళ్ళతో చూసుకుంటాను."

ఆర్థర్‌కు దెయ్యాల మీద నమ్మకం లేదు. కాదనడానికి నోరూ రాలేదు.

పైగా వ్యవధి లేదు. ఆ ఇంట్లో సగం వాటా టీచర్ మరిది కొడుకు ఉదయ్‌కిరణ్‌ది. పడగొట్టించి అపార్ట్‌మెంట్లు కట్టించాలని వాడి తొందర. టీచర్ సంతకం పెట్టనంటోంది.

"ఏందీ పెద్దమ్మా గిట్ల? దయ్యం కోసం ఎవరన్న ఇల్లు ఆపుతరా?" అన్నాడు ఆవిడ చెవి దగ్గర అరిచి. "సరే, శనివారం రాత్రి అందరం ఆడ్నే కూసుందం. క్యారల్ వచ్చిందా— ఆ ఇంటి జోలికి రాను. రాకపోతే నువ్వు సంతకం పెట్టాలె. మాటేనా?"

"మాటే," అంది టీచర్.

ఆర్థర్ మూడు పగళ్ళు ఆ ఇంట్లో కూర్చున్నాడు. అరవై ఒక్క మెట్లు. ఒక్కోదాని కింద ఒక రాగిరేకు. మెట్టుకో తీగ లాగితే అతని అరచేతంత బోర్డులో అన్ని తీగలకు చోటు లేదు. అందుకని నులకమంచం అల్లినట్టు అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది తీగలు అల్లాడు. అల్లిక కలిసే ప్రతి చోటా ఒక డయోడ్ అతకాలి. బియ్యపు గింజంత ఉంటుంది అది. కరెంటును ముందుకు పోనిస్తుంది, వెనక్కి తిరగనివ్వదు. అవన్నీ అతకాలంటే ఇంకో పూట పని. శుక్రవారం పొద్దు గూకింది. తర్వాత వేద్దాంలే అనుకున్నాడు. ఒక్కో మెట్టే నొక్కి చూశాడు. ఏ మెట్టుకు ఆ దీపం చక్కగా వెలిగింది. చాలనుకుని లేచాడు.

ఒక్కొక్కటే నొక్కి చూశాడు… మూడేసి నొక్కి చూడలేదు.

శనివారం ఏడు గంటలకు ముగ్గురూ తాళం తీసి లోపలికి వెళ్ళారు. ఆ ఇంటికి కరెంటు ఎప్పుడో కోసేశారు. ఒక కొవ్వొత్తి… ఆర్థర్ ల్యాప్‌టాప్ వెలుగు… ఆర్గన్ నెత్తిన వరసగా అరవై ఒక్క దీపాలు, అన్నీ ఆరిపోయి.

ఏడున్నర… ఎనిమిది. టక్ లేదు, టిక్ లేదు.

ఉదయ్‌కిరణ్ ఆవులించాడు. "క్యారల్ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నట్టుంది."

ఆ మాట టీచర్‌కు వినపడలేదు. ఆర్థర్‌కు వినపడింది. 

అప్పుడు లేచింది టీచర్. మెల్లగా వెళ్ళి బల్ల మీద కూర్చుంది. సగం బల్ల మీదే… ఎడమవైపు సగం ఖాళీగా వదిలి. ఎడమచేత్తో ఒక మెట్టు, కుడిచేత్తో రెండు— మెత్తగా నొక్కింది. అందరి చూపూ ఆవిడ వేళ్ళ మీదే.

మూడు దీపాలు వెలిగాయి.

ఆ కొసన, ఎడమవైపు చిట్టచివర…

నాలుగోది.

ఉదయ్‌కిరణ్ చేతిలోంచి ఫోను కింద పడింది. ఆ చివరి మెట్టు కిందకు దిగిందో లేదో ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ దీపం మీదే.

"వచ్చావా తల్లీ…" అంది టీచర్ గుసగుసగా. అని, ఖాళీ బల్ల వైపు తిరిగి, గాలిలో ఎవరి జుట్టో చెవి వెనక్కి సర్దింది.

ఆర్థర్ వెన్ను జల్లుమంది. కాసేపే. ఈలోగా ఉదయ్‌కిరణ్ తేరుకుని అతని చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వే చేసినవ్ గిది! ముసలామెను పట్టుకొని దొంగ డబ్బా కట్టినవ్. రేపు ఆదివారం. సికింద్రాబాద్‌ల ఉన్న చర్చిలన్నిట్ల చెప్త— ఆర్థర్‌గాడి డబ్బాలన్నీ దొంగయే అని."

తిట్టినా పడేవాడు ఆర్థర్. కొట్టినా ఊరుకునేవాడు. తన చేతిపనిని దొంగదంటే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. వెలిగిన నాలుగు దీపాల వంక మళ్ళీ చూశాడు. మనసులోనే తన అల్లిక పరుచుకున్నాడు. అడ్డం, నిలువు… ఓ!

తెలిసిపోయింది.

ఆ క్షణాన ఒక్క మాట మింగితే ఆ ఇల్లు ఆవిడకు దక్కేది. మింగలేదు.

"టీచర్," అన్నాడు ఆవిడ చెవి దగ్గర వంగి. "అది క్యారల్ కాదు. నా తప్పు. ఈ తీగల అల్లికలో ఒక నలుచదరానికి మూడు మూలలు నొక్కితే, డయోడ్లు లేకపోతే కరెంటు చుట్టు తిరిగొచ్చి నాలుగో మూల కూడా నొక్కినట్టు చూపిస్తుంది."

ఆవిడను లేపి, అవే మూడు మెట్లు తానే నొక్కాడు. మూడు వెలిగాయి, వెంటనే నాలుగోది. వదిలాడు. నొక్కాడు. మళ్ళీ నాలుగోది.

"చూశారా?"

"నీకూ తోడొచ్చిందేమో నాన్నా…"

అతను సంచి విప్పి డయోడ్లు తీశాడు. వాటిని అతికే బ్యాటరీ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. టీచర్ అతని మణికట్టు పట్టుకుంది.

"అన్నిటికీ పెట్టుకో. ఆ చివరిదానికి మాత్రం వద్దు. ఒక్కటేగా… నీకేం తక్కువవుతుంది?"

ఆర్థర్ ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. చాలా మెల్లగా, నొప్పి కలగకుండానే విడదీశాడు. ఉదయ్‌కిరణ్ ఎంతో ఓపిగ్గా ఫోను టార్చి పట్టుకున్నాడు. చివరి మెట్టుకే మొదటి డయోడ్ అతికాడు ఆర్థర్.

పదకొండు గంటలకు పని అయింది. టీచర్ మళ్ళీ కూర్చుని, అవే మెట్లు నొక్కింది.

మూడు.

ఇంకోసారి నొక్కింది.

మూడే.

ఇంకా కొంచెం కుడివైపుకు జరిగింది, బల్ల మీద చోటు చాలలేదేమో అన్నట్టు. ఈసారి పాట మొత్తం వాయించింది, మొదటి నుంచి చివరి దాకా, చప్పుడు లేకుండా. తాను నొక్కినవే వెలిగాయి. ఎడమ కొసన చీకటి చీకటిగానే ఉంది.

ఉదయ్‌కిరణ్ సంచిలోంచి కాగితాలు తీసి ఆర్గన్ మీదే పరిచాడు. కొవ్వొత్తి దగ్గరికి జరిపాడు. "గీడ, పెద్దమ్మా. గీడ సుత."

పెట్టమన్న చోటల్లా ఆవిడ సంతకం పెట్టింది.

రెండు వారాల్లో ఇల్లు నేలమట్టమైంది. పెంకులతోపాటు ఆర్గన్ కూడా పాతసామాను లారీ ఎక్కింది. భద్రయ్య ఇప్పుడు రాత్రి తొమ్మిదింటి దాకా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

ఒకనాడు మధ్యాహ్నం టీచర్ ఆయాసపడుతూ ఆర్థర్ గదికి మేడ ఎక్కి వచ్చింది.

"ఆ రోజు… మొదటిసారి నాలుగు వెలిగాయి చూడు. అదంతా నీ కంప్యూటర్‌లో రాసి ఉంటుందట కదా. తప్పేలే. ఆ తప్పునే ఒక్కసారి చూపించు. చూసి పోతాను."

ఆర్థర్ వెతికి తెరిచాడు. వరసగా మెట్ల అంకెలు, పక్కనే నొక్కిన వేళ, గంటా నిమిషమూ సెకనూ, సెకనులో వెయ్యోవంతూ.

చూస్తూ చూస్తూ ఆగిపోయాడు.

తను నొక్కి చూపించినప్పుడు— మూడు మెట్లు, ఆ తర్వాత నాలుగోది. రెండోసారీ అంతే. అంతే ఉండాలి. మూడు మూలలూ నొక్కందే నాలుగో మూలకు కరెంటు చేరే దారే లేదు.

టీచర్ నొక్కిన మొదటిసారి మాత్రం…

ముందు, ఎడమవైపు చివరి మెట్టు. ఒంటరిగా.

అరసెకను తర్వాత… ఆ మూడూ.

మళ్ళీ చదివాడు. కళ్ళు తుడుచుకుని చదివాడు. అంకెలు మారలేదు. 

"ఏముంది నాన్నా? కనిపించిందా?"

ఆర్థర్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. ఆవిడ చెవి దగ్గర వంగాడు. 

"లేదు టీచర్. చెరిగిపోయింది."

"పోనీలే," అంది ఆవిడ. అతని తల నిమిరింది. "ఇల్లు పడగొట్టేరోజు నేనూ వెళ్ళాను. ఆ గది గోడ మీదికి మిషను వస్తుంటే… లోపల ఎవరూ లేరని నువ్వు చెప్పబట్టే, అంతసేపు నిలబడి చూడగలిగాను."