గొడ్డలి పట్టిన సోంబాయి

మణిగిరి రాజ్యంలో ఒక వేసవిలో అడవి ఏనుగులు రాళ్ళయ్యాయి. కారణం ఎవరికీ తెలియలేదు. అడవిలోని గూడెంవాళ్ళు చెట్లు నరికి వనదేవత శాపం తెచ్చారని మంత్రి అన్నాడు. వానలు పడేలోగా గూడెం ఖాళీ చేయాలని రాజు వీరకేతుడు ఆజ్ఞ ఇచ్చాడు. ఇచ్చాక అతనికి సందేహం వచ్చింది. అడవిలో జరిగిందేమిటో బొమ్మల్లో తెచ్చి చూపమని నకాషీ ఇంటి పిల్ల సాయవ్వను పంపాడు.

నకాషీలు కథలను బట్ట మీద బొమ్మలుగా గీస్తారు. వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి మనిషి చేతిలో ఒక గుర్తు ఉండాలి. రైతుకు నాగలి, జాలరికి వల, అడవి మనిషికి గొడ్డలి. అప్పుడే కథ వినవచ్చి వెనక కూర్చున్నవాళ్ళు కూడా బొమ్మలో ఎవరున్నారో పోల్చుకుంటారు.

అడవి మొదట్లో, వాగు దగ్గర సాయవ్వకు ఒక ముని ఎదురయ్యాడు. ఆమె వచ్చిన పని విని, సంచిలోంచి ఒక బట్ట తీసి ఇచ్చాడు.

"దీన్ని దేని ఎదుట పట్టుకుంటే అది ఇందులో నిలిచిపోతుంది. కదులుతుంది, మాట్లాడుతుంది."

"తప్పెవరిదో చెప్తదా, తాతా?"

"చెప్పదు. చూపిస్తుంది. తేల్చుకోవడం చూసేవాళ్ళ పని."

ఆ మాట సాయవ్వకు అర్థం కాలేదు. బట్ట తీసుకుని నడిచింది.

లోయలో రాతి ఏనుగుల నడుమ ఒక రాక్షసుడు కూర్చున్నాడు. సాయవ్వ బట్ట ఎత్తి పట్టింది.

"వీటిని రాళ్ళు చేసింది నేనే" అన్నాడు రాక్షసుడు. "చెరువు దారికి అడ్డంగా రాజుగారి తోట గోడ లేచింది. నీళ్ళు లేక చస్తుంటే చూడలేకపోయాను. రాయికి దాహం వేయదు కదా! దారి తెరిస్తే లేస్తాయి."

"నిన్ను నమ్మాల్నా?"

"రాక్షసుణ్ణి. నన్ను నమ్మమని ఎవరన్నారు?"

సాయవ్వ తోట దాకా నడిచి చూసింది. ఏనుగుల అడుగులు గోడ వరకు ఉన్నాయి. గోడ ఎదుట కూడా బట్ట పట్టింది. అయితే రాక్షసుడు చెప్పిందే నిజం అనుకుంది. అక్కడినుంచి గూడేనికి వెళ్తే దారి పొడవునా నరికిన చెట్ల మొద్దులు కనిపించాయి. అయితే మంత్రి చెప్పిందే నిజమా?

గూడెంలో సోంబాయి అనే ఆమె తేనె తీసే తాడు పేనుతోంది.

"ఈ చెట్లు ఎవరు కొట్టిన్రు, అక్కా?"

"మేమే. ఇండ్లకు."

"మరి ఏనుగులు మీవల్లనే రాళ్ళయినయా?"

"నాకేమెరుక, బిడ్డా? నువ్వే చెప్తవనుకున్న."

సాయవ్వకు ఏమీ పాలుపోలేదు. తెలిసిన పనేదో చేద్దామని బట్ట పట్టింది. పట్టి ఆగింది.

"అక్కా, ఆ తాడు పక్కకు పెట్టి గొడ్డలి పట్టుకో."

"గొడ్డలి మా ఆయనది. నేను తేనె తీసేదాన్ని."

"గొడ్డలి లేకుంటే నువ్వెవరో రాజుకు తెల్వది."

"నా మొఖం చూస్తే తెల్వదా?" అంటూనే సోంబాయి గొడ్డలి పట్టుకుంది. మరునాడు ఇద్దరూ కలిసి రాజధానికి బయలుదేరారు.

సభలో బట్ట పరిచారు. రాక్షసుడు మాట్లాడాడు. గోడ కనిపించింది. సోంబాయి గొడ్డలితో నిలబడింది.

"చూశారా ప్రభూ!" అన్నాడు మంత్రి. "చెట్లు నరికే చెయ్యి ఇదే."

రాజు తల ఊపాడు. రాజు ముందు దొంగబొమ్మ చూపితే చెయ్యి నరుకుతారు. చెప్పకపోతే గూడెం పోతుంది.

"దొరా, ఆ గొడ్డలి నేను పట్టుకోమంటె పట్టుకున్నది."



"అయితే ఆ గోడ?" అన్నాడు రాజు. "రాక్షసుడి మాటలు? అవి కూడా నువ్వు నేర్పినవేనా? ఏది నిజమో నాకెలా తెలియాలి?"

సాయవ్వ బట్టను చుట్టి పక్కన పెట్టింది.

"బట్టను నమ్మకుండ్రి. గోడ కూలగొట్టి చూడుండ్రి. ఏనుగులు లెవ్వకపోతే నా చెయ్యి తీస్కోండ్రి."

సోంబాయి ఆమె కొంగు లాగింది. "పిచ్చిదానా, ఆ రాక్షసుడు అబద్ధమాడితేనో?"

"చెయ్యి పోతదక్కా."

గోడ కూల్చారు. అందరూ తోటలో నిలబడి ఎదురుచూశారు. చాలాసేపు ఏమీ కాలేదు. మంత్రి కత్తి తెమ్మన్నాడు. కత్తి వచ్చేలోగా నేల అదిరింది. ముందు ఒక ముసలి ఏనుగు, వెనక మంద. పూలమొక్కలను తొక్కుకుంటూ చెరువులో దిగాయి. తాగడం మొదలుపెట్టాయి. జనం చెల్లాచెదురయ్యారు. రాజు కదల్లేదు.

"మరి ఆ మొద్దుల సంగతి?" అన్నాడు చివరికి. అతనికి ఇంకా ఏదో తేలలేదు.

"అవి మావే, దొరా" అంది సోంబాయి. "ఇల్లు దేంతోని కట్టుకుంటం?"

రాజు సాయవ్వ వైపు చూశాడు. ఆమె తనకూ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. రాజు గూడెం ఖాళీ చేయాలన్న ఆజ్ఞను వెనక్కి తీసుకున్నాడు. ఏ చెట్టు కొట్టాలో, ఏది ఉంచాలో తేల్చే అధికారం అడవి తెలిసిన సోంబాయికి ఇచ్చాడు. ఏనుగుల దారి కూడా ఆమెకే అప్పగించాడు.

"చూస్కుంట, దొరా" అంది సోంబాయి. "ముందు మీ మంత్రిని మామిడిచెట్టు మీదికెల్లి దింపుండ్రి. కొమ్మ విరిగేటట్టున్నది."