అడక్కుండా తినే వీకెండ్

“ఆ మూత తియ్యకండి!”

ఆమె అప్పటికే తీసేసింది. డబ్బాని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, “ఇదేంటి?” అంది.

“మసాలా.”

“అది నాకూ కనిపిస్తోంది. ఏమేం వేశారు?”

“మా అమ్మ చేసింది. మా అమ్మని ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదు.”

“మీ అమ్మగారంటే నాకు గౌరవమేనండీ. పల్లీలు వేశారా, లేదా?”

అతను డబ్బాలోకి తొంగిచూశాడు. ఆ గెస్ట్‌హౌస్ వంటిల్లు అతని రాజ్యం. ఓనరు అతని తల్లి. అందరూ ఆవిణ్ణి ఓనరమ్మ అనే పిలుస్తారు. ఏటి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆవిడ చేతివంటకి వంక పెట్టినవాళ్ళు లేరు. అలాంటిది, సిటీ నుంచి ట్రావెల్స్ అమ్మాయి ఒకతె వానలో తడుస్తూ వచ్చి, గొడుగు మూలన పెట్టి, తిన్నగా డబ్బాల మీద పడింది.

“వేశారనుకుంటా,” అన్నాడు చివరికి.

“అనుకుంటే కుదరదు. మీ ‘అనుకుంటా’ మీద నా ప్రాణం ఉంది.”

“మీ ప్రాణమా?”

“నాకు పల్లీలు పడవు. తింటే గొంతు మూసుకుపోతుంది. ఇదిగో, ఇంజెక్షన్ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది.” కళ్ళజోడు చూపించినంత మామూలుగా చూపించింది. “ఇప్పుడు చెప్పండి, ఆ పై అరలో ఏముంది?”

“ఇన్‌స్పెక్టర్ గారూ, ముందు తల తుడుచుకోండి. జలుబు కూడా పడకపోవచ్చు మీకు,” అని తువ్వాలు అందించాడు.

ఆమెకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మొదటిరోజే నవ్వితే డబ్బాలు తెరవనివ్వరని ఆమె అనుభవం.

ఆమె ఆఫీసులో అందరూ కొండలకీ సముద్రాలకీ టూర్లు వేస్తుంటే, ఈమె ఒక్కతే వేరే పాట పాడింది. తిండి పడని జంటలకోసం ఒక వీకెండ్. మేనేజరు నవ్వాడు. “రోగిష్ఠి వాళ్ళ టూరా?” అన్నాడు. “రోగిష్ఠి వాళ్ళు కాదు సార్, జాగ్రత్త గలవాళ్ళు,” అందామె. “సరే, ముందు నువ్వు అక్కడ భోంచేసి క్షేమంగా రా. అప్పుడు చూద్దాం,” అన్నాడాయన. అదీ ఒప్పందం.

మేనేజరుకి చెప్పని సంగతి ఒకటుంది. ఊహ తెలిసినప్పటినుంచీ ఏ విందుకి వెళ్ళినా ఆమె డబ్బా ఆమెదే, ఆమె మూల ఆమెదే. అందరూ వరసగా కూర్చుని తింటుంటే కిటికీ పక్కన విడిగా కూర్చుని డబ్బా తెరుచుకునేది. “దేవుణ్ణి తలుచుకుని ఒక్క ముద్ద తినవే, ఏమీ కాదు,” అనేవాళ్ళు పెద్దమ్మలూ పిన్నమ్మలూ. “దేవుణ్ణి తలుచుకునే అడుగుతున్నా పిన్నీ, ఇందులో ఏం వేశారు?” అనేది. పొగరుబోతు అన్న పేరు వచ్చింది. ముద్ద ముందు అడిగే ప్రశ్నకి పొగరని పేరెందుకు పెట్టారో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు.

*

మర్నాడు వసారాలో కూర్చుని ప్లాను వేశారు. బయట వాన ఆగీ ఆగనట్టుంది.

“పొద్దున్నే పడవ షికారు,” మొదలుపెట్టాడతను. “తర్వాత గుట్ట ఎక్కడం. మధ్యాహ్నం మ్యూజియం. సాయంత్రం పాటల పోటీ.”

“వద్దు, వద్దు, వద్దు. పాటలు అసలే వద్దు.”

“మరి రెండు రోజులూ ఏం చేస్తారండీ జనం?”

“లేవాలనిపించినప్పుడు లేస్తారు. ఏటి ఒడ్డున కూర్చుంటారు. పోట్లాడుకుంటారు. మళ్ళీ మాట్లాడుకుంటారు.”

“దానికి టూరెందుకు? ఇంట్లో కూడా చేసుకోవచ్చుగా.”

ఆమె పెన్ను పక్కన పెట్టింది. “చూడండి. మాలాంటివాళ్ళు ఎక్కడికెళ్ళినా ముందు వంటిల్లు వెతుక్కుంటారు. పక్కనున్న మనిషి కూడా పాపం సగం ఆకలితోనే ఉంటాడు, ఎందుకంటే రెండో మనిషి తినలేదు. మాకు విశ్రాంతంటే గుట్టలూ పడవలూ కాదు. ఎవర్నీ అడక్కుండా, ఎదురుగా ఉన్నది తీసి నోట్లో పెట్టుకోవడం. అందరితో పాటు, ఒకే బల్ల మీద. రెండు రోజులు. అంతే.”

అతను ఆమె వంక చూస్తూ ఉండిపోయాడు. చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది.

“ఏంటలా చూస్తున్నారు?”

“ఏం లేదు. పడవ ఒక్కటి ఉంచుదాం. వాన పడితే రద్దు చెయ్యొచ్చు.”

“మీవన్నీ బేరాలే.”

“మీవన్నీ పంతాలే.”

మధ్యాహ్నం పక్క గదివాళ్ళు ఆమ్లెట్ అడిగితే అతను లేచి లోపలికెళ్ళి తల్లిని పిలుచుకొచ్చాడు. “గుడ్డు వంటలు అమ్మే చేస్తుంది,” అన్నాడు. చెఫ్ గారికి ఆమ్లెట్ కూడా రాదా అని ఆమె ఏడిపించింది. అతను నవ్వి పళ్ళేలు సర్దాడు.

*

మేనేజరు షరతు ప్రకారం ఆమె తిని చూసే భోజనానికి అతను వంటిల్లంతా తిరగేశాడు. పల్లీలున్న ప్రతి డబ్బా ఊరవతల గోడౌనుకి పోయింది. అరలు కడిగాడు, గరిటెలు కొత్తవి కొన్నాడు, నూనె మార్చాడు. ఓనరమ్మ తలుపు దగ్గర నిలబడి, “పెళ్ళివారొస్తున్నారా ఏంట్రా?” అంది.

“అంతకన్నా పెద్దవాళ్ళమ్మా.”

భోజనం వేళకి ట్రావెల్స్ అమ్మాయి వచ్చి కూర్చుంది. అతనే స్వయంగా వేడి వేడి రొట్టె, కూర వడ్డించాడు. కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుని రొట్టె తుంచింది. రెండో ముక్క నోట్లో ఉండగానే చెయ్యి ఆగిపోయింది. పెదవి తడుముకుంది.

“నా బ్యాగు,” అంది. గొంతు అప్పటికే మారింది.

అతను బ్యాగు తెచ్చేలోపు కుర్చీలో పక్కకి ఒరిగింది. అయినా ఇంజెక్షన్ తొడకి తనే పొడుచుకుంది. తర్వాత ఆంబులెన్సు, ఆస్పత్రి, ఆక్సిజన్. రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలన్నాడు డాక్టరు.

వరండాలో అతను తల పట్టుకుని కూర్చున్నాడు. పిండిలో ఏమీ లేదు. కూరలో ఏమీ లేదు. నూనె కొత్తది. మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. పెనం!

అమ్మమ్మ కాలంనాటి ఇనప పెనం. దానికి సబ్బు తగలనివ్వరు, తగిలితే పెనం చచ్చిపోతుందంటారు. పని అయ్యాక పల్లీ నూనె రాసి, గుడ్డతో తుడిచి తగిలించడం ఆ ఇంటి అలవాటు. సరుకులన్నీ వెతికాడు, కడిగాడు, మార్చాడు. పెనం సరుకు కాదుగా! ఆ ఇంట్లో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ అలాంటి మరుపు రాదు. తెల్లారగానే ఆమెకి అదే చెప్పి ఇంటికెళ్ళాడు.

*

మర్నాడు డిశ్చార్జి అయ్యాక, డాక్టరు వద్దంటున్నా వినకుండా బట్టలు తెచ్చుకోడానికి ఆమె గెస్ట్‌హౌస్‌కి వచ్చింది. వసారా ఎక్కుతుండగానే ఓనరమ్మ గొంతు వినిపించింది.

“ఇక చాలు! మన వంట తిని ఒక పిల్ల ఆస్పత్రిపాలైంది. ఆ టూరు బుకింగ్ రద్దు చెయ్యి. అలాంటి వాళ్ళు ఇంటిపట్టున ఉండాలి గానీ, ఊళ్ళు తిరగడమెందుకు?”

“అలాంటి వాళ్ళంటే ఎలాంటి వాళ్ళమ్మా?”

“తిండి పడనివాళ్ళు.”

“మరి నన్నెందుకు వంటింట్లో పెట్టావు?”

లోపల కిటికీ రెక్క మూసిన చప్పుడైంది.

“నెమ్మదిగా మాట్లాడు. ఎవరైనా వింటారు,” అంది ఓనరమ్మ.

“విననీ! నాకు గుడ్డు పడదు. చిన్నప్పుడు ఒకసారి చావు తప్పింది. వంటవాడికి తిండి పడదంటే ఎవరొస్తారని ఇన్నాళ్ళూ దాచావు, నేనూ దాచాను. ఆ అమ్మాయి పరిచయమైన మొదటి రోజే ఇంజెక్షన్ తీసి చూపించిందమ్మా. నాకంత ధైర్యం ఎందుకు లేకపోయింది? ఈ బుకింగ్ రద్దు కాదు. రద్దయితే నేనూ ఈ వంటింట్లో ఉండను.”

గుమ్మం దగ్గర ఆమె దగ్గింది. ఇద్దరూ తిరిగారు.

“ఓనరమ్మగారూ, నేను వచ్చే శనివారం మళ్ళీ ఇక్కడే తింటాను.”

“నీకు భయం లేదా తల్లీ?”

“చాలా ఉందండీ. భయపడి ఇంట్లో కూర్చున్నా అది పోలేదు. అందుకని వెంటబెట్టుకుని తిరుగుతున్నా.”

ఓనరమ్మ పీట మీద కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు. “రోజూ దేవుడికి దండం పెట్టుకునే పొయ్యి వెలిగిస్తానమ్మా. ఆయన ఎందుకిలా జరగనిచ్చాడు?”

ఆమె పక్కన కూర్చుంది. “నాకు తెలీదండీ. నేనూ రాత్రంతా అదే అడిగాను. ఊపిరి నిలబెట్టడం ఆయన చేశాడు. పెనం సంగతి మాత్రం మనమే చూసుకోవాలేమో.”

ఓనరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని లేచింది. మేకుకున్న పెనం తీసి పాత గుడ్డలో చుట్టింది. “మా చెల్లెలికిచ్చేస్తా. దానికి దీని మీద ఎప్పట్నుంచో కన్నుంది. ఒరేయ్, చూస్తూ నిలబడతావేం? కొత్త పెనాలు రెండు పట్టుకురా. ఒకటి నీకు, ఒకటి గుడ్డుకి.”

మేనేజరు ఫోన్లో, “క్షేమంగా రమ్మంటే ఆస్పత్రికెళ్ళావు, ఒప్పందం అయిపోయింది,” అన్నాడు.

“క్షేమంగానే ఉన్నాను సార్. ఎక్కడ పొరపాటు జరిగిందో కూడా తెలిసింది. అది తెలిసిన గెస్ట్‌హౌస్ మన దగ్గర ఇదొక్కటే. మీ పేరు వద్దంటే నా పేరు మీద పెడతాను.”

ఆయన కాసేపు గొణిగి, “నీ పేరు మీదే పెట్టు,” అన్నాడు.

*

శనివారం జంటలు దిగారు. పాలు పడని బస్సు డ్రైవరూ కొత్త పెళ్ళికూతురూ, గోధుమ పడని రిటైరైన మాస్టారూ ఆయన్ని ప్రతిదానికీ కసిరే భార్యా, ఇంకా కొందరు. ఎవరికేది పడదో ముందే చెప్పారు కాబట్టి, వాటిలో ఒక్కటి కూడా ఆ రెండు రోజులూ గడప దాటి లోపలికి రాలేదు. గుడ్డు కూడా రాలేదు.

పిలవకుండా వచ్చినవాడు ఒక్కడే, ఆమె అన్నయ్య. చేతిలో ఇంటి నుంచి తెచ్చిన డబ్బా. “ఇది తిను. ఆ తర్వాత బయల్దేరదాం. ఒకసారి చచ్చి బతికావు, చాలు,” అన్నాడు.

“నువ్వూ కూర్చో అన్నయ్యా. తిన్నాక మాట్లాడదాం,” అని వంటింట్లోకి వెళ్ళింది.

అతను పొయ్యి దగ్గర బియ్యప్పిండి రొట్టె తిప్పుతున్నాడు. “ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ వీకెండ్‌లో ఒక జంట తక్కువైంది.”

“ఎవరు రాలేదు? అందరూ వచ్చారే!”

“వచ్చారు. ఇంకా జంట కాలేదు.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “ఇది ప్రపోజలా?”

“రొట్టె మాడుతోంది. త్వరగా చెప్పండి.”

“నాతో బతకాలంటే ఏ ఇంటికెళ్ళినా వాదించాల్సి వస్తుంది. మీ చుట్టాలు నన్ను పొగరుబోతంటారు.”

“నన్నూ అనమనండి. ఇన్నాళ్ళూ మంచివాడని అనిపించుకుని బాగుపడిందేం లేదు.”

“అయితే రొట్టె తిప్పండి,” అంది. ఈసారి నవ్వు ఆపుకోలేదు.

బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. విడిగా కూర్చోడానికి మూలలో కుర్చీ లేదు. పళ్ళెం ముందుకొచ్చింది. అన్నయ్య ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. కళ్ళు తెరిచి, ఎవర్నీ ఏమీ అడక్కుండా, రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. మళ్ళీ తుంచింది. పక్కన మాస్టారి భార్య, “ఆ కూర ఇటు జరుపమ్మా, ఈయనకి అడగడం రాదు,” అంది. ఆమె గిన్నె జరిపింది. అంత మామూలు పని ఏ విందులోనూ ఆమె చేతికి రాలేదు. గిన్నె కనిపించకుండా కళ్ళు మసకేశాయి.

అన్నయ్య తన డబ్బా మూత మెల్లగా బిగించేశాడు. భోజనాలయ్యాక ఓనరమ్మే ఆయన దగ్గరికి వచ్చి పెళ్ళి విషయం చెప్పింది. తన కొడుక్కి గుడ్డు పడదని కూడా, ఎవరు వింటారోనని చూడకుండా, గట్టిగానే చెప్పింది. “మీ చెల్లెలు మా ఇద్దరికీ నచ్చింది బాబూ. మీ మాటేంటి?”

అన్నయ్య చెల్లెల్నీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. “దీనికి పల్లీలు పడవు. నీకు గుడ్డు పడదు. రేపు మీ ఇంట్లో ఏం వండుకుంటారర్రా?”

“మిగతావన్నీ అన్నయ్యా,” అంది ఆమె.