నలభై లోపు

ఉదయం ఎనిమిదికి ఓదెలు ఏడో కిటికీ తెరిచాడు. రోగ పరీక్షల ఫలితాలుండే ఫలపేటిక అద్దం తుడిచి, రాత్రి దిగిన జవాబు బిళ్లలను వాటి వాటి అరల్లో పెట్టాడు. తెల్లవి, రోగం లేదనేవి, నూట పన్నెండు. ఎర్రవి, ఉందనేవి, ముప్పై ఒకటి. రంగు అతని వైపు నుంచే కనబడుతుంది. అవతల నిలబడ్డవాళ్లకు కనిపించేది మూసిన అర, దాని మీద తమ నంబరు. అంతే.

"నాలుగు వందల ఆరు," అన్నాడు మైకులో.

సారవ్వ వచ్చి మణికట్టు పట్టీని కిటికీ గట్టు మీది పలకకు ఆనించింది. భయం అంకె యాభై రెండు.

"నలభై లోపు రావాలె అవ్వా. రేపు రా."

"ఎట్ల తగ్గుతది బిడ్డా? అండ్ల ఏమున్నదోనని గుండె దడదడ కొట్టుకుంటాంది. చెప్తే తగ్గుతది. తగ్గితెనే చెప్తరట. ఏ తెలివిగల్లోడు పెట్టిండో ఈ కతను!"

ఆమె అర వెనుక ఎర్ర బిళ్ల పదిహేను రోజులుగా ఉంది. ఓదెలు తల ఎత్తలేదు. రంగు బయటపెట్టిన కిటికీ మనిషికి ఏడేళ్ల జైలు.

వ్యాధి పేరు వినగానే జనం వైద్యానికి రాకుండా పారిపోతున్న రోజుల్లో వచ్చింది నెమ్మది చట్టం. భయంలో ఉన్నవాడికి జవాబు ఇవ్వకూడదు. రాసినవాడు ఆరోగ్య మండలి అధిపతి నరహరిరావు.

ఆరేళ్ల కింద ఓదెలు భార్య రాజవ్వ ఇదే కిటికీ ముందు నలభై ఆరు రోజులు నిలబడింది. మంచి జవాబు రావాలని ఎల్లమ్మకు ఒక్కపొద్దులు పట్టింది. ఓదెలూ ఆమెతో పాటు పస్తున్నాడు. ఆకలికి నాడి పరుగెత్తితే పట్టీ దాన్ని భయం కింద లెక్కగట్టింది. ఒక్కపొద్దులు పెరిగేకొద్దీ అంకె పెరిగింది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మినహాయింపు కోసం ఓదెలు పెట్టుకున్న అర్జీ ఒక్క మాటతో తిరిగి వచ్చింది: కుదరదు. కింద నరహరిరావు సంతకం. చివరికి రాజవ్వ నీరసంతో ఈ కిటికీ ముందే సొమ్మసిల్లింది. అంకె ముప్పై ఎనిమిదికి పడింది. అర తెరుచుకుంది. ఎర్ర బిళ్ల. మూడో అంతస్తు వైద్యులు చూసి, నెల ముందు రావాల్సింది అన్నారు. పదకొండు రోజులకు పోయింది.

ఏడాది తిరగకముందే ఓదెలు ఈ కుర్చీకి దరఖాస్తు చేశాడు. మనిషన్నాక ఏదో ఒకనాడు రోగానికి భయపడతాడు. నరహరిరావూ మనిషే.

వచ్చాడు. మెడ చుట్టూ, ముఖం చుట్టూ మఫ్లరు చుట్టుకుని, ఐదు వందల మూడో నంబరుగా వచ్చాడు. అతని పేరున్న బిళ్ల తెల్లది. పది రోజులుగా ఓదెలు దాన్ని చూస్తూనే ఉన్నాడు.

"ఇవాళ ఎంత?" అన్నాడు నరహరిరావు.

"డెబ్బై ఒకటి."

"నేనెవరో నీకు తెలుసు కదా?"

"తెలుసు సార్."

"నోటితో చెప్పొద్దు. తల ఊపు, చాలు. పది రోజులుగా నిద్ర లేదు. అన్నం గొంతు దిగట్లేదు."

"తినాలె సార్. పస్తుంటే అంకె పెరుగుతది."

నరహరిరావు వేళ్లు కిటికీ గట్టును పట్టుకున్నాయి. "నా ఒక్కడికి మినహాయింపు..."

"మినహాయింపు మీటను మీరే తీసేయించిండ్రు గద. ఈ పలక మీద ఉన్నది ఒక్కటే, చట్టం మొత్తం ఎత్తేసేది. దానికి మీ బొటనవేలే కావాలె."

"అప్పుడు అందరి అరలూ తెరుచుకుంటాయి."

"తెరుచుకుంటయి."

"ఎర్రవి ఎన్ని?"

"చెప్తే నాకు జైలు సార్. మీరు రాసిందే."

ఒక్క మాట అంటే అతను నిశ్చింతగా ఇంటికి పోయేవాడు. చట్టం ఉన్నచోటే ఉండేది. ఆ మాట ఓదెలు నాలుక చివరే ఉంది. దాన్ని బెల్లం ముక్కలా చప్పరిస్తూ కూర్చున్నాడు. పలకను ముందుకు జరిపాడు.

నరహరిరావు అటూ ఇటూ చూశాడు. బొటనవేలు నొక్కాడు.

పది కిటికీల్లో అరలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. హాల్లో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరినొకరు తోసుకున్నారు. ఎవరో పకపకా నవ్వారు. ఎవరో నేల మీద కూలబడ్డారు. సారవ్వ తన బిళ్లను వెలుతురుకు పట్టి, వెనక్కి తిప్పి చూసింది. రెండువైపులా ఎరుపే.

నరహరిరావు తెల్ల బిళ్లను పిడికిట్లో బిగించుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఊపిరి తీసుకున్నాక అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే."

"ఒక్క మాటన్నా అనలేదు! నీకు నా మీద ఏం పగ?"

"రాజవ్వ. నా ఇంటామె. అర్జీ పెట్టుకుంటిమి."

నరహరిరావు అతని ముఖంలో వెతికాడు. నిజంగానే వెతికాడు. "గుర్తులేదు," అన్నాడు. మఫ్లరు సర్దుకుని పలక కోసం చెయ్యి చాచాడు. "ఇటియ్యి. మళ్లీ మూసెయ్యాలి."

క్షమాపణ అడిగి ఉంటే ఏం చేసేవాడో ఓదెలుకు తెలియదు. పలకను లోపలికి లాగి తన కుర్చీ కింద పడేశాడు. అప్పటిదాకా నంబర్లు తప్ప మరేదీ పలకని మైకును దగ్గరికి తీసుకున్నాడు.

"అందరు ఇటు చూడుండ్రి. ఏడో కిటికీ కాడ మఫ్లరు కట్టుకున్నాయన పేరు నరహరిరావు. మీ జవాబులను పెట్టెల పెట్టి తాళమేసింది ఈయనే. తన జవాబు కోసం ఇప్పుడే తీసిండు. మళ్ల ఎయ్యమంటాండు."

బిళ్లలు పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి, తలలు మాత్రం తిరిగాయి. సారవ్వ అందరికంటే ముందు కదిలింది.

"అవ్వా, నువ్వు మూడో అంతస్తుకు పో," అన్నాడు ఓదెలు. "ఇంక టైమున్నది."

"పోత బిడ్డా. ఒక్క నిమిషం. ఈయన మొఖం చూసి పోత."

ఆమె చెయ్యి చాచి మఫ్లరు కొస పట్టుకుంది. ఆమె వెనుక ఇంకొకరు, వాళ్ల వెనుక ఇంకా. నరహరిరావు వెనక్కి తిరిగి కిటికీ మీద కొట్టాడు.

ఓదెలు కిటికీ రేకు కిందికి దించి గొళ్లెం పెట్టాడు.