నొప్పి సున్నా

ఆదివారం ఉదయం. అద్దంకిలోని ఆ ఇంట్లో పాలల్లో తెల్లమద్ది చెక్క మరుగుతోంది. మాబూబీ ఆ గిన్నెకేసి కోపంగా చూస్తూ గరిటె తిప్పుతోంది. టీ మానేసి రెండు నెలలైంది. తమకూ కషాయం పోస్తారేమోనని పక్కింటివాళ్లు రావడం తగ్గించారు.

గుంటూరు బస్సు దిగొచ్చిన కూతురు సిద్దికా చెప్పులైనా విప్పకుండా, "నాన్నా, నోట్‌బుక్కేదీ?" అంది.

సిద్దికా యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మద్దిచెక్క కషాయం, కొర్రల జావ గుండెజబ్బువాళ్లకు ఎంతవరకు మేలు చేస్తాయన్నది ఆమె విషయం. డాక్టరిచ్చిన మాత్రలు మానకుండా, వాటితోపాటు ఇవీ తీసుకునేవాళ్లు ముప్ఫైమంది కావాలి. ఇరవై తొమ్మిదిమంది దొరికారు. ఇంకొకరు దొరక్క, రెండేళ్ల కిందట స్టెంటు వేయించుకున్న తండ్రి పేరే రాసేసుకుంది. ఇంట్లోవాళ్ల పేర్లు రాయకూడదని ఆమెకు తెలుసు. తెలిసే రాసింది.

తండ్రి మీరా హుస్సేన్ పరుపులు కుట్టే మనిషి. రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష రాస్తున్నంత భక్తిగా, కూతురిచ్చిన నోట్‌బుక్‌లో నొప్పికీ ఆయాసానికీ పదికి ఇన్నని అంకెలు వేసేవాడు. నొప్పి సున్నా. ఆయాసం సున్నా.

"యాభై ఆరు రోజుల్లో ఒక్కరోజు కూడా నొప్పి లేదు!" సిద్దికా మొహం వెలిగిపోయింది. "మా సార్ చూస్తే ఎగిరి గంతేస్తారు నాన్నా."

"ఎగరమను!" మాబూబీ గరిటె విసిరికొట్టింది. "అన్నీ అబద్ధాలే. మీ నాన్న నడుం వాల్చి ఎన్నాళ్లయిందో అడుగు. పడుకుంటే ఊపిరాడదంట. గోడకానుకుని కూర్చునే తెల్లారుస్తున్నాడు."

"నువ్వు ఊరుకోవే."

"ఎందుకూరుకోవాలయ్యా? దానికి చెప్తే దాని మీద ఒట్టే అన్నావుగా!"

సిద్దికా తండ్రి వైపు తిరిగింది. "నిజమేనా నాన్నా?"

మీరా హుస్సేన్ తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా తలొంచుకున్నాడు.

"అప్పుడప్పుడు పట్టేసినట్టుంటదమ్మా. అది రాస్తే నీ మందుకి చెడ్డపేరు రాదా? నాలుగేళ్ల కష్టం. కన్నతండ్రికే పనిచెయ్యలేదని నలుగురూ నవ్వరా?"

సిద్దికా నోట్‌బుక్ పక్కన పడేసింది. వెంటనే ఆటో మాట్లాడి ఒంగోలు తీసుకెళ్లింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ సిద్దికాను గదిలోకి పిలిచింది.

"ఇరవై రోజుల కిందటే ఎటాక్ వచ్చిందమ్మా. అప్పుడే తీసుకొస్తే ఏదో ఒకటి చేసేవాళ్లం. గుండె కండరం చాలావరకు పోయింది. అది తిరిగి రాదు."

"ఎన్నాళ్లుంటారండీ?"

డాక్టరమ్మ కాగితాలు సర్ది పక్కన పెట్టింది.

బయట బల్ల మీద కూర్చున్న మాబూబీ కూతురి మొహం చూసే అర్థం చేసుకుంది. "ఇందుకేనటే నిన్ను చదివించింది? ఊళ్లోవాళ్ల గుండెలన్నీ బాగుచేస్తానంటివి. ఇంట్లోది కనపడలేదటే?"

"కనపడలేదమ్మా. పోయినసారి వచ్చినప్పుడు నాన్న నా ఎదురుగానే మెట్టెక్కలేక ఆగిపోతుంటే చూడలేదు. అంకెలు చూసి మురిసిపోయా. ఎలా ఉందని నోటితో ఒక్కసారి అడగలేదు. నేనే చంపుకున్నానమ్మా." సిద్దికా గోడకు తల బాదుకుంది.

మాబూబీ ఆ తలను లాగి ఒళ్లో పెట్టుకుంది. "నేను మాత్రం? ఒట్టు తప్పితే నీకేమవుద్దోనని నోరు మూసుకున్నా. పాపం ఇద్దరిదీ. ఏడవమాక." అంటూ తనే ముందు ఏడ్చింది.

మధ్యాహ్నం సిద్దికా తన సార్‌కు ఫోన్ చేసి, తండ్రి పేరు రాసిన సంగతీ ఆయన రాసిన అబద్ధాలూ దాచకుండా చెప్పేసింది. పరిశోధన మొత్తం ఆగిపోవచ్చన్నారాయన. ఆమె సరేనంది. పొద్దున అంత పెద్దగా కనిపించిన చదువు ఇప్పుడు ఏమీ అనిపించలేదు.

సాయంత్రం లోపలికి వెళ్లనిచ్చారు. మీరా హుస్సేన్ ముక్కుకు గొట్టంతో వాడిపోయి ఉన్నాడు. సిద్దికా మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగానే..." అనబోయి కూతురి మొహం చూసి ఆగాడు. ఎర్రబడ్డ ఆ కళ్లకు అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు. ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నొప్పిగా ఉందమ్మా. చాలా నొప్పిగా ఉంది. భయమేస్తంది."

సిద్దికా ఆయన్ని గుండెకు హత్తుకుంది. చేయగలిగింది అంతకన్నా ఏమీ లేదు.